మత్తు దిగాక మొదలయ్యే వైద్యం

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కోసం దిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం జరిపిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడినప్పుడు అందరి నోటా నానిన అంకె 16 కోట్లు. 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్నవారిలో మద్యం తాగేవారి సంఖ్య అది. అదే నివేదికలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట, ఇంకో లెక్క ఉంది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ప్రతి 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స అందుకున్నట్లు చెప్పారు, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారైతే దాదాపు 180 మందికి ఒక్కరే. మద్యం తెచ్చిపెట్టిన సమస్యలకు సహాయం అవసరమైనవారు దేశంలో 5.7 కోట్ల మంది అని ఆ సర్వే తేల్చింది. అంతకుముందే, 2015–16లో బెంగళూరు నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కూడా మద్యపాన రుగ్మత ఉన్నవారిలో సుమారు 86 శాతం మంది వైద్యం గడప తొక్కలేదని చెప్పింది.

ఇంత పెద్ద లోటుకు కారణం వైద్యం లేకపోవడం అయి ఉంటే ఆ బాధ వేరుగా ఉండేది. వ్యసనం మీద క్లినికల్ పరిశోధన, అంటే రోగుల మీదే జరిగే శాస్త్రీయ పరీక్ష, గత 70 ఏళ్లలో చాలా సంగతులు తేల్చింది. వాటిలో ముఖ్యమైనది ఇది: ఒంట్లోంచి మత్తును దించడం చికిత్సలో తొలి వారం పని మాత్రమే, అసలు చికిత్స ఆ తర్వాత నెలల తరబడి సాగాలి, అందులో మనసుకు చేసే వైద్యం కూడా కలిసి ఉండాలి, ఆ పనిలో పెద్ద భాగాన్ని తగిన శిక్షణ పొందిన మామూలు మనుషులు ఊళ్లోనే చేయగలరు. తెలుగు నేల మీద మద్యం గురించి జరిగిన చర్చ మాత్రం ఎప్పుడూ దుకాణం చుట్టూనే తిరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం దేశానికే పాఠమైంది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధమైంది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. ఆ తర్వాతి దశాబ్దాల కథంతా వేలంపాటలు, లైసెన్సులు, ధరలు, బ్రాండ్లు. ఈ మొత్తం చరిత్రలో తాగేవాడు ఇంటిని కూల్చిన దోషిగానో, ఖజానాను నింపిన వినియోగదారుడిగానో కనిపిస్తాడు తప్ప రోగిగా దాదాపు ఎక్కడా కనిపించడు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం, డీఎస్ఎం-5, వ్యసన రుగ్మతను గుర్తించడానికి 11 లక్షణాలను చెప్పింది. అనుకున్నదానికంటే ఎక్కువ తాగడం, మానాలని ప్రయత్నించి విఫలం కావడం, తాగాలన్న తహతహ, పని చెడినా ఇల్లు చెడినా ఆపలేకపోవడం, మునుపటి మోతాదుకు మత్తెక్కకపోవడం, మానిన వెంటనే శరీరం తిరగబడటం వాటిలో కొన్ని. 12 నెలల కాలంలో ఇలాంటివి రెండో మూడో ఉంటే స్వల్ప రుగ్మత, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరూ అంతకు మించీ ఉంటే తీవ్రం. ఈ 11 లక్షణాలలో ఎక్కడా సీసాల లెక్క లేదు, తాగే సరుకు ఖరీదు లేదు. పట్టు తప్పిందా లేదా అన్నదే ప్రశ్న. వారానికి రెండు రోజులు మాత్రమే తాగుతాను కనుక తనకేమీ కాదని ధీమాగా ఉండే ఉద్యోగి కూడా ఈ కొలబద్ద మీద రోగిగా తేలవచ్చు.

తొలి నాలుగు రోజులు

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవ్యక్తి హఠాత్తుగా ఆపేస్తే ఏమవుతుందన్నది వైద్యానికి కొత్త సంగతి కాదు. ఆ స్థితిలో కనిపించే వణుకుతో కూడిన సన్నిపాతానికి 1813లోనే థామస్ సటన్ అనే ఆంగ్ల వైద్యుడు డెలీరియమ్ ట్రెమెన్స్ అని పేరు పెట్టాడు. మెదడులో నాడుల వేగాన్ని తగ్గించే గాబా అనే రసాయనానికి మద్యం తోడుపడుతుంది, వేగాన్ని పెంచే గ్లుటమేట్‌ను అణచివేస్తుంది; ఆ అణచివేతకు ఎదురు నిలబడటానికి మెదడు కాలక్రమంలో తన ఉద్రేక యంత్రాంగాన్ని బలపరచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా తప్పుకుంటే, అడ్డు లేని ఆ ఉద్రేకమంతా పైకి వస్తుంది. చివరి గుక్క తర్వాత ఆరేడు గంటలకు చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజులోపు కొందరిలో సన్నిపాతం వస్తుంది. గోడల మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని రోగి పరుగులు పెట్టేది ఆ దశలోనే. ఊళ్లలో గాలి సోకిందని తాయెత్తు కట్టించేదీ ఈ స్థితికే. సకాలంలో వైద్యం అందకపోతే అది ప్రాణం తీస్తుంది.

ఈ దశకు ఏ మాత్ర పనిచేస్తుందో తేల్చిన పరీక్ష 1969లో వెలువడింది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 537 మంది రోగులను చీటీ వేసినట్లు ఐదు జట్లుగా విడదీసి, కొందరికి లిబ్రియం పేరుతో ప్రసిద్ధమైన క్లోర్‌డయాజెపాక్సైడ్, కొందరికి పిచ్చికి వాడే క్లోర్‌ప్రోమజైన్, ఇంకొందరికి హైడ్రాక్సిజైన్, మరికొందరికి థయమిన్ అనే బీ1 విటమిన్, చివరి జట్టుకు ఏ ఔషధమూ లేని ఉత్తుత్తి మాత్ర, అంటే ప్లాసిబో ఇచ్చి చూశారు. మూర్ఛలు, సన్నిపాతం అతి తక్కువగా కనిపించింది క్లోర్‌డయాజెపాక్సైడ్ జట్టులో. అంతకంటే విలువైన సంగతి ఇంకొకటి: ఆనాడు వైద్యులు నమ్మకంగా వాడుతున్న క్లోర్‌ప్రోమజైన్ తీసుకున్నవారికి ప్లాసిబో తీసుకున్నవారికంటే కూడా ఎక్కువగా మూర్ఛలు వచ్చాయి. అనుభవం మీద సాగిన వైద్యం మేలు బదులు కీడు చేస్తోందని, పక్కపక్కన పెట్టి పోల్చిన తర్వాత గానీ తెలియలేదు. థయమిన్ మూర్ఛను ఆపలేకపోయినా దాని అవసరం వేరే ఉంది; సరిగా తినక తాగుతూ వచ్చినవారిలో ఆ విటమిన్ అడుగంటి, చూపు తడబడటం, నడక తప్పడం, చివరికి శాశ్వతంగా జ్ఞాపకశక్తి పోవడం జరుగుతుంది కనుక, గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ ఇవ్వాలన్నది వైద్య పాఠం. నీరసంగా ఉన్నాడని ముందు సెలైన్ బాటిల్ తగిలించే అలవాటున్న ప్రాంతాల్లో ఈ పాఠం గోడ మీద రాసి పెట్టుకోదగినది.

2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడిన వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇదే వణుకుతో, ఇదే భ్రాంతితో రోగులు వరుస కట్టారు. కేరళ ప్రభుత్వం వైద్యుల చీటీ ఉన్నవారికి మద్యం సరఫరా చేస్తామని ఉత్తర్వు ఇస్తే, వైద్యులే అభ్యంతరం చెప్పారు, ఏప్రిల్ 2న ఆ రాష్ట్ర హైకోర్టు దాన్ని నిలిపివేసింది. యాభై ఏళ్ల నాటి పరీక్షే ఆ చర్చకు సమాధానం: మానినవాడికి ఇవ్వాల్సింది మద్యం కాదు, కొలత ప్రకారం ఇచ్చి కొద్దిరోజుల్లో తగ్గించుకుంటూ వచ్చే మాత్ర.

తెలంగాణలో ఈ కథకు మరో మలుపు ఉంది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో దశాబ్దాలుగా కల్లులో డైజెపామ్, అల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుపదార్థాలు కలుపుతూ వచ్చారు. మొదటి రెండూ బెంజోడయాజెపైన్లు, అంటే లిబ్రియం కుటుంబానికే చెందిన నిద్రమాత్రలు. అలాంటి కల్లుకు అలవాటు పడిన వ్యక్తికి అలవాటైంది కల్లు కాదు, అందులో కలిసిన మాత్ర. 2015 సెప్టెంబర్‌లో అధికారులు కల్తీ మీద విరుచుకుపడగానే వందలాది మంది మూర్ఛలతో, పిచ్చి చూపులతో, నాలుక తడబాటుతో ఆసుపత్రుల పాలయ్యారు. మొదట అదేదో వింత రోగమనుకున్నవారూ ఉన్నారు. ఈ మాత్రల అలవాటును వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గించాలే తప్ప ఒక్క రోజులో తెంచకూడదు. కల్తీని అరికట్టకూడదని దీని అర్థం కాదు; 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. కానీ ఎక్సైజ్ శాఖ దాడికి బయల్దేరే ముందు ఆ మండలంలోని ఆరోగ్య కేంద్రానికి కబురు, మాత్రల నిల్వ, ఒక డాక్టర్ సిద్ధంగా ఉండాలన్న ఆలోచన లేకపోవడం మాత్రం క్షమించరాని లోపం. సరఫరాను ఆపడం పోలీసు పని అయితే, ఆ సాయంత్రం నుంచి మొదలయ్యే వణుకు వైద్యుడి పని. ఈ రెండూ ఒకే ఉత్తర్వులో ఉండాలి.

రెండో నెల సంగతి

వణుకు తగ్గి, ఆకలి పుట్టి, నిద్ర పట్టగానే ఇంటికి పంపించే పద్ధతి దేశమంతటా ఉంది. ఇరవై ఒక్క రోజుల్లో, పది రోజుల్లో, ఒకే ఇంజెక్షన్‌తో మాన్పిస్తామనే బోర్డులు బస్టాండ్ల గోడల మీద కనిపిస్తాయి. పరిశోధన ఇలాంటి హామీలను ఎప్పుడూ బలపరచలేదు. 2000 సంవత్సరంలో అమెరికన్ వైద్య పత్రిక జామాలో థామస్ మెక్‌లెల్లన్, ఆయన సహచరులు రాసిన ప్రసిద్ధ వ్యాసం ప్రకారం వ్యసన చికిత్స పూర్తయిన ఏడాదిలోపు 40 నుంచి 60 శాతం మంది మళ్లీ మొదలుపెడతారు. ఈ అంకె విని నిరాశపడేవారికి అదే వ్యాసం ఒక సమాధానం ఇచ్చింది: రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు కూడా మాత్రలు మానేసి, పథ్యం తప్పి, దాదాపు అదే స్థాయిలో మళ్లీ ఆసుపత్రికి వస్తుంటారు. అయితే బీపీ మాత్ర ఆపగానే బీపీ పెరిగితే వైద్యులు మాత్ర పనిచేసిందనే అంటారు. వ్యసన చికిత్స ఆపగానే తాగుడు మొదలైతే చికిత్స విఫలమైందంటారు. రోగం దీర్ఘకాలికమైనప్పుడు చికిత్సను మాత్రం వారం రోజుల కొలతతో తూచడం తర్కానికి నిలవదు.

ఈ వాదనకు అతి కఠినమైన నిదర్శనం మద్యం మీద కాక హెరాయిన్ మీద దొరికింది. స్వీడన్‌లో 40 మంది హెరాయిన్ బానిసలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు బుప్రెనార్ఫిన్ అనే ప్రత్యామ్నాయ ఔషధాన్ని ఏడాది పాటు ఇచ్చారు, రెండో జట్టుకు అదే మాత్రను ఆరు రోజుల్లో తగ్గించి ఆ తర్వాత ప్లాసిబో ఇచ్చారు; కౌన్సెలింగ్ రెండు జట్లకూ ఒక్కటే. ఏడాది చివర మొదటి జట్టులో 75 శాతం మంది చికిత్సలో ఉన్నారు, రెండో జట్టులో ఒక్కరూ మిగలలేదు, పైగా ఆ 20 మందిలో నలుగురు చనిపోయారు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం తర్వాత ఆరు రోజుల విషహరణను చికిత్స అని పిలవడం కష్టమైంది. మానిన కొన్నాళ్లకు శరీరానికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. మళ్లీ అదే మోతాదు తీసుకున్నప్పుడు ఊపిరి ఆగుతుంది. మాన్పించి వదిలేయడం కొన్నిసార్లు ఏమీ చేయకపోవడంకంటే ప్రమాదకరం.

మద్యం విషయంలో ఈ రెండో దశకు దేశంలో బాగా పేరున్న మాత్ర డైసల్ఫిరామ్. కోపెన్‌హాగన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సెన్ అనే పరిశోధకులు కడుపులోని నులిపురుగులకు మందుగా దాన్ని పరీక్షిస్తూ తమ మీదే ప్రయోగించుకున్నారు, తర్వాత విందులో మద్యం తీసుకోగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి అస్వస్థులయ్యారు. 1948లో ఆ సంగతి లోకానికి తెలిసింది. మద్యం శరీరంలో అసిటాల్డిహైడ్ అనే విషంగా మారాక దాన్ని విడగొట్టాల్సిన ఎంజైమును ఈ మాత్ర అడ్డుకుంటుంది, ఆ విషం పేరుకుని వాంతులు, ఆయాసం, రక్తపోటు పతనం కలుగుతాయి. భయంతో మాన్పించే ఈ పద్ధతి ఎంత పనిచేస్తుందో 1986లో రిచర్డ్ ఫుల్లర్ బృందం 605 మంది మీద ఏడాది పాటు పరీక్షించింది. పూర్తి మోతాదు ఇచ్చినవారికీ, పనిచేయనంత స్వల్ప మోతాదు ఇచ్చినవారికీ, విటమిన్ మాత్రమే ఇచ్చినవారికీ పూర్తిగా మానడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రాసిన ప్రకారం మాత్ర వేసుకున్నవారు అయిదింట ఒక వంతే. విశేషం ఏమంటే మూడు జట్లలోనూ, అది విటమిన్ అయినా సరే, క్రమం తప్పకుండా వేసుకున్నవారే ఎక్కువగా మానగలిగారు. మాత్రలోని శక్తినీ, మాత్ర వేసుకునే మనిషిలోని పట్టుదలనూ విడదీసి చూపిన ఇలాంటి పరీక్షలు వైద్య చరిత్రలో అరుదు. భార్యో, తల్లో ఎదురుగా నిలబడి రోగి సమ్మతితోనే వేయిస్తే డైసల్ఫిరామ్ ఉపయోగపడుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అదే మాత్రను పొడి చేసి చెప్పకుండా కూరలోనో మజ్జిగలోనో కలిపి పెట్టడం వేరే సంగతి. దుకాణంలో తెచ్చుకుని ఇళ్లలో చేసే ఈ పని, అతడు ఆ రాత్రి తాగి వస్తే, గుండె జబ్బో కాలేయ జబ్బో ఉన్నవాడైతే, నేరుగా హత్యకు దారితీయగలదు.

దీనికంటే మెత్తని దారులు 1990ల నుంచి ఉన్నాయి. మద్యం తాగినప్పుడు మెదడులో విడుదలయ్యే ఎండార్ఫిన్ల హాయిని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మీద 1992లో జోసెఫ్ వోల్పిచెల్లి 70 మంది మాజీ సైనికులతో 12 వారాల పరీక్ష జరిపితే, ప్లాసిబో తీసుకున్నవారిలో 54 శాతం మంది మళ్లీ విపరీతంగా తాగుడులోకి జారారు, నాల్ట్రెక్సోన్ తీసుకున్నవారిలో 23 శాతమే. రెండోది అకాంప్రోసేట్, మానినవారిలో మెదడు అలజడిని తగ్గించే ఔషధం. రోజుకు మూడుసార్లు, పూటకు రెండేసి మాత్రలు మింగాలి కనుక మధ్యలో వదిలేసేవారు ఎక్కువ. 2014లో 122 పరీక్షలను కలిపి లెక్కించిన విశ్లేషణ ప్రకారం, ఒక్క వ్యక్తిని అదనంగా మళ్లీ తాగకుండా ఆపాలంటే అకాంప్రోసేట్ 12 మందికి, నాల్ట్రెక్సోన్ 20 మందికి ఇవ్వాలి; విపరీతంగా తాగడాన్ని ఒక్కరిలో ఆపాలంటే నాల్ట్రెక్సోన్ 12 మందికి ఇస్తే చాలు. ఇది అద్భుతం కాదు, అబద్ధమూ కాదు. రోజూ వైద్యులు రాసే చాలా మాత్రల ఫలం ఇంతకు తక్కువే. ఈ రెండూ ఏళ్ల కిందటే భారతీయ మార్కెట్‌లోకి వచ్చినా, మండల స్థాయిలో వాటి పేరు విన్న రోగి కనబడటం కష్టం.

కుంగుబాటు ముందా, తాగుడు ముందా

తాగే మనిషి దిగులుగా ఉన్నాడా, దిగులు వల్ల తాగుతున్నాడా అన్నది ఇంట్లోవాళ్లకే కాదు, వైద్యులకూ తలనొప్పి. మనసులోని బాధను తట్టుకోలేక మనిషి తనకు తానే మత్తును వైద్యంగా వాడుకుంటాడన్న వాదనను ఎడ్వర్డ్ ఖాంట్జియన్ 1985లో విస్తారంగా ప్రతిపాదించాడు. మూడేళ్ల తర్వాత శాండ్రా బ్రౌన్, మార్క్ షుకిట్ 191 మంది మద్యపాన రోగులను ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి వారం వారం కొలిచి చూశారు. చేరినప్పుడు 42 శాతం మందిలో తీవ్ర కుంగుబాటు కనిపించింది; నాలుగో వారానికి, కుంగుబాటు మాత్రలేవీ ఇవ్వకుండానే, అది 6 శాతానికి దిగింది. అంటే ఎక్కువమందిలో ఆ దిగులు మద్యం తెచ్చిందే, మద్యంతోనే పోతుంది. ఆ మిగిలిన కొద్దిమందిది మాత్రం విడిగా ఉన్న జబ్బు. మొదటి రోజే కుంగుబాటు చీటీ రాయడమూ తొందరపాటే, నాలుగు వారాలు మానినా దిగులు పోని మనిషిని తాగుబోతని తీసిపారేయడమూ తప్పే. ఈ నాలుగు వారాల్లో ఆత్మహత్య తలపులుంటే మాత్రం ఏ లెక్కా చూడకుండా వెంటనే చికిత్స చేయాలి.

రెండు జబ్బులూ నిజంగానే ఉన్నవారి సంగతి 2010లో హెలెన్ పెటినాటి బృందం తేల్చింది. కుంగుబాటు, మద్యపాన వ్యసనం రెండూ ఉన్న 170 మందిలో కొందరికి సెర్ట్రలీన్ అనే కుంగుబాటు మాత్ర, కొందరికి నాల్ట్రెక్సోన్, కొందరికి రెండూ, కొందరికి ప్లాసిబో ఇచ్చి 14 వారాలు చికిత్స చేశారు. రెండూ తీసుకున్నవారిలో దాదాపు 54 శాతం మంది పూర్తిగా మానేశారు. ఏదో ఒకటి మాత్రమే తీసుకున్నవారిలో 21 నుంచి 28 శాతం లోపే, ప్లాసిబో జట్టులో 23 శాతం. ఒక్క మాత్ర వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ తేడా లేకపోవడం ఇందులో గట్టి పాఠం. ఇంత తేటగా తేలిన తర్వాత కూడా చాలాచోట్ల మనోవ్యాధి వైద్యుడు ముందు తాగుడు మాని రమ్మంటాడు, డీ-అడిక్షన్ కేంద్రంవారు ముందు మనసు బాగు చేయించుకుని రమ్మంటారు. రోగి ఈ రెండు కిటికీల మధ్య తిరిగి తిరిగి మూడోదైన వైన్‌షాపు కిటికీ దగ్గర ఆగుతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. చట్టం కలిపినదాన్ని ఓపీ చీటీలు ఇంకా విడదీస్తూనే ఉన్నాయి.

గోవాలో పదో తరగతి కౌన్సెలర్లు

మాత్రలతో పాటు మాటల చికిత్స కావాలన్నది అందరూ ఒప్పుకునేదే. ఏ రకం మాటలన్నది తేల్చడానికి అమెరికాలో 1726 మందితో జరిగిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే భారీ పరీక్ష మూడు భిన్న పద్ధతులను పోల్చి, 1997లో, మూడింటి ఫలితాలూ ఇంచుమించు ఒకటేనని చెప్పింది. సిద్ధాంతాల మధ్య పోరు చూద్దామనుకున్న పండితులకు అది నిరాశ. పేద దేశాలకు మాత్రం అది శుభవార్త, ఎందుకంటే పద్ధతి ఏదైనా పనిచేసేటప్పుడు అందరిలోకీ తేలికైనదాన్ని, చవకైనదాన్ని ఎంచుకోవచ్చు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి ఉచిత బృందాలు పూర్తిగా మానేయడానికి ఇతర చికిత్సలకు దీటుగా, కొన్నిసార్లు మెరుగ్గా తోడ్పడతాయని 2020లో కాక్రేన్ సమీక్ష కూడా చెప్పింది.

ఆ శుభవార్తను దేశంలో నిజంగా అందిపుచ్చుకున్నది గోవాలోని సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ. అభిజిత్ నాడ్కర్ణి, విక్రమ్ పటేల్, వారి సహచరులు అక్కడి 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు జ్వరానికో, దగ్గుకో, నొప్పికో వచ్చిన 18 నుంచి 65 ఏళ్ల మగవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే 10 ప్రశ్నల పట్టికను ఇచ్చారు. ఎంత తరచుగా తాగుతారు, మొదలుపెట్టాక ఆపలేకపోయారా, పొద్దున్నే తాగాల్సి వచ్చిందా, తాగినందువల్ల ఎవరికైనా దెబ్బలు తగిలాయా వంటి ప్రశ్నలకు 0 నుంచి 40 వరకు మార్కులు వస్తాయి. 8కి చేరితే హెచ్చరిక, 20కి చేరితే బానిసత్వం అనుమానించాలి. ఈ రెండింటికీ మధ్య, 12 నుంచి 19 మార్కులు వచ్చిన 377 మందిని ఎంచుకున్నారు. ఇంకా పూర్తిగా మునగనివారన్నమాట. డీ-అడిక్షన్ కేంద్రం గడప ఎప్పటికీ తొక్కరు, అలాగని బాగానూ లేరు.

చీటీ వేసినట్లు వారిని రెండు జట్లు చేశారు. మొదటి జట్టుకు మామూలు వైద్యమే, కాస్త మెరుగుపరచి. అంటే మార్కులు ఎంత వచ్చాయో డాక్టరుకు చెప్పి, ఏం చేయాలో సూచనలు ఇచ్చారు. రెండో జట్టుకు దానితో పాటు కౌన్సెలింగ్. ఆ కౌన్సెలర్లు మనస్తత్వ శాస్త్రం చదివినవారు కారు, కనీసం పదో తరగతి చదివి స్థానిక భాష మాట్లాడగలిగిన మామూలు మనుషులు. ఎక్కువలో ఎక్కువ నాలుగు విడతలు, ఒక్కోటి అరగంటో ముప్పావుగంటో, ఆరోగ్య కేంద్రంలో కుదరకపోతే ఇంట్లో. మొదటి విడతలో ఉపదేశం ఉండదు. ఆ మనిషి ఎంత తాగుతున్నాడు, దానికి ఎంత ఖర్చవుతోంది, ఒంటికేం జరుగుతోంది అన్నది అతడి సమాధానాల నుంచే తీసి అతడి ముందే పెడతారు, ఏం చేద్దామనుకుంటున్నావని అడుగుతారు. ఆ తర్వాత స్నేహితులు బలవంతపెట్టినప్పుడు ఏమనాలి, జీతం రోజున ఏ దారిన ఇంటికి వెళ్లాలి, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలి వంటివి సాధన చేయిస్తారు. చివరి విడత మళ్లీ తాగితే ఏం చేయాలన్నదాని మీద. కౌన్సెలర్ల సంభాషణలను రోగుల అనుమతితో రికార్డు చేసి, కౌన్సెలర్లంతా కూర్చుని ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకునేవారు. శిక్షణ ఇచ్చి వదిలేయకుండా నాణ్యతను కాపాడిన కీలు అదే.

మూడు నెలల తర్వాత, ఎవరు ఏ జట్టో తెలియని వ్యక్తులు వచ్చి కొలిచారు. ఆడిట్ మార్కు 8 కంటే తగ్గినవారు కౌన్సెలింగ్ జట్టులో 36 శాతం, మామూలు వైద్యం జట్టులో 26 శాతం. గత 14 రోజుల్లో చుక్క ముట్టనివారు 42 శాతానికి 18 శాతం. ఏడాది తర్వాత చూస్తే మొదటి తేడా తరగలేదు, పెరిగింది: 54 శాతానికి 32 శాతం. ఇదే సంస్థ ఇదే పద్ధతిలో 495 మంది తీవ్ర కుంగుబాటు రోగులతో జరిపిన జంట పరీక్షలో మామూలు కౌన్సెలర్ల చికిత్స పొందినవారిలో 64 శాతం మంది కోలుకున్నారు, మిగతావారిలో 39 శాతం. రెండూ 2017లో లాన్సెట్‌లో వెలువడ్డాయి. మనసుకూ మత్తుకూ ఒకే ఆరోగ్య కేంద్రంలో, ఒకే తరహా మనిషి చేత వైద్యం చేయించవచ్చని దేశంలోనే రుజువైంది.

పరీక్ష దాచని లోపాలూ ఉన్నాయి. తాగడం ఆపలేకపోయినవారు తాగే పరిమాణం తగ్గలేదు. భార్యల మీద హింస తగ్గినట్లు కనిపించలేదు. తాగుడు మానితే ఇల్లు దానంతటదే చక్కబడుతుందన్న నమ్మకానికి ఇది ఎదురుదెబ్బ, చేయి చేసుకోవడానికి సీసా ఒక సాకు మాత్రమేనని ఎన్నాళ్లుగానో చెబుతున్న స్త్రీల మాటకు బలం. ఆడవారిని పరీక్షలో చేర్చనే లేదు. పూర్తిగా బానిసలైనవారికి నాలుగు విడతల మాటలు సరిపోతాయని ఈ ఫలితం చెప్పదు, వారికి వైద్యుడూ మాత్రలూ కావాల్సిందే.

తాగేవారి ఇళ్లలోని స్త్రీల కోసం వేరుగా జరిగిన పరిశోధన తెలుగు ఇళ్లకు అన్నిటికంటే దగ్గరగా వస్తుంది. చికిత్సకు ససేమిరా అనే మనిషిని దారికి తేవడమెలా అన్న ప్రశ్నతో విలియం మిల్లర్, రాబర్ట్ మేయర్స్ అమెరికాలో 130 మంది కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి 1999లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఎక్కువమంది భార్యలు, తల్లులు. నిలదీసే పద్ధతి నేర్చుకున్నవారిలో 30 శాతం మందే తమవారిని చికిత్సకు తేగలిగారు, ఊరికే ఓర్చుకుని దూరం పాటించమన్న పద్ధతిలో 13 శాతం. తాగని పూట ఆప్యాయంగా ఉండటం, తాగిన పూట తప్పుకోవడం, అతడు తెచ్చుకున్న కష్టాన్ని తాము కప్పిపుచ్చకపోవడం, ముందుగా తమ భద్రత చూసుకోవడం నేర్చుకున్నవారిలో 64 శాతం మంది తేగలిగారు. ఒట్టు వేయించుకోవడం, దీక్ష ఇప్పించడం, బంధువులందరినీ కూర్చోబెట్టి పరువు తీయడం మీద సాగే కుటుంబ పంచాయితీలు ఇందులో ఏ జాబితాలోకి వస్తాయో వేరే చెప్పనక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ప్రతి పల్లెకూ ఆశా కార్యకర్త ఉన్నారు, గర్భిణుల పట్టిక ఉంది, బీపీ, షుగర్ పట్టికలు ఉన్నాయి. పది ప్రశ్నల ఆడిట్ కాగితం ఆ పట్టికల పక్కన చేరడానికి కావాల్సింది కొత్త ఆసుపత్రి కాదు. మద్యం మీద వచ్చే ఆదాయంలో అతి స్వల్ప భాగం, కౌన్సెలర్ల మీద నెలనెలా పర్యవేక్షణ, మండల కేంద్రంలో నాల్ట్రెక్సోన్, థయమిన్ నిల్వ ఉంటే గోవా పరీక్షను ఇక్కడ చేసి చూడవచ్చు. చేసి చూడటం అన్న మాట ముఖ్యం. గోవాలో పనిచేసింది నల్లమలలోనూ పాతబస్తీలోనూ అలాగే పనిచేస్తుందని ముందే అనుకోవడం కూడా పరిశోధన స్వభావానికి విరుద్ధం.

అంతవరకూ కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏళ్లుగా రోజూ తాగే వ్యక్తి, ముఖ్యంగా ఇంతకుముందు మానినప్పుడు మూర్ఛ వచ్చిన వ్యక్తి, వైద్యుడిని సంప్రదించకుండా ఒక్కసారిగా ఆపకూడదు. చికిత్సకు తీసుకెళ్లిన చోట మొదటి వారం తర్వాత ఎన్ని నెలలు చూస్తారని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని కేంద్రాన్ని నమ్మనక్కర్లేదు, గొలుసులు వేసే కేంద్రం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నేరం చేస్తోంది. మాదకద్రవ్యాలకు బానిసై స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవారికి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ షరతులతో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది కనుక కేసు భయంతో ఆగిపోవద్దు. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416. రెండూ ఉచితం, టెలీ మానస్‌లో ఏ వేళకైనా తెలుగులో మాట్లాడవచ్చు.